యల్లాప్రగడ సుబ్బారావు: అన్నదమ్ములను మింగిన జబ్బు వెంటపడ్డ భీమవరం డాక్టర్.. బరువు తగ్గే సర్జరీ తర్వాత వేసుకునే మాత్రలో ఆయన పాత్ర ఏంటంటే..

బరువు తగ్గడానికి బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్నవాళ్ల ఇంట్లో ఒక డబ్బా ఉంటుంది. విటమిన్ మాత్రల డబ్బా. సర్జరీ అయి ఏడాది దాటి, ముప్ఫై కిలోలు తగ్గి, పాత బట్టలన్నీ వదులైపోయి, పెళ్లిళ్లలో చుట్టాలు కూడా గుర్తుపట్టలేని టైంలో చాలామంది చేసే పని ఆ డబ్బాను పక్కన పెట్టేయడం. ఒంట్లో బాగానే ఉంది కదా, ఇంకా ఈ మాత్రలెందుకు అనిపిస్తుంది.

ఆ డబ్బా లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఫోలిక్ ఆసిడ్ అనే పేరు కనిపిస్తుంది. దాన్ని మొదటిసారి ల్యాబ్‌లో తయారుచేసిన పరిశోధన వెనుక ఉన్నది మన భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. తిన్నది ఒంటికి పట్టని జబ్బు ఆయన అన్ననీ, తమ్ముడినీ కొద్ది రోజుల తేడాలో తీసుకెళ్లిపోయింది. ఆ జబ్బుకు మందు వెతుకుతూ దేశం దాటి వెళ్లిన మనిషి మళ్లీ ఇంటికి రాలేదు. మందు మాత్రం దొరికింది. అయితే అది ఎంత మేలు చేస్తుందో, ఒక్క విషయంలో ఎలా మోసం చేస్తుందో కూడా ఆయన బతికుండగానే బయటపడింది. సర్జరీ చేయించుకున్నవాళ్లకు ఆ రెండో సంగతి తెలియడం చాలా అవసరం.

కాశీలో అరటిపళ్లు.. మద్రాసులో ఖద్దరు

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. పదమూడేళ్ల వయసులో ఇల్లు వదిలి కాశీ వెళ్లి, అక్కడికొచ్చే యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదించాలని బయల్దేరిన కథ ఆయన గురించి రాసినవాళ్లంతా చెప్పేదే. తల్లి వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపింది. రాజమండ్రిలో చదువు సరిగ్గా సాగలేదు. చివరకు మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి మెట్రిక్ గట్టెక్కారు, అదీ మూడో ప్రయత్నంలో.

ప్రెసిడెన్సీ కాలేజీలో చదివేటప్పుడు మనసు రామకృష్ణ మిషన్ వైపు మళ్లింది. సన్యాసం తీసుకుంటానంటే తల్లి ఒప్పుకోలేదు. అలా మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులు సాయం చేశారు, కస్తూరి సూర్యనారాయణమూర్తి అనే పెద్దమనిషి కూడా అండగా నిలిచారు. 1919లో ఆయన కూతురు శేషగిరినే సుబ్బారావు పెళ్లి చేసుకున్నారు.

కాలేజీలో ఓ గొడవ జరిగింది. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌కు కూడా ఖద్దరు గౌను వేసుకొచ్చేవారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షల్లో బాగా చేసినా సుబ్బారావు చేతికి పూర్తి ఎంబీబీఎస్ డిగ్రీ రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ వచ్చింది. దాంతో మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగం దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పుకుంటూ గడిపారు.

తింటున్నా చిక్కిపోయే జబ్బు

అన్న పేరు పురుషోత్తం, తమ్ముడి పేరు కృష్ణమూర్తి. ఇద్దరికీ వచ్చింది ట్రాపికల్ స్ప్రూ. మన పాత వైద్యంలో గ్రహణి, సంగ్రహణి అని చెప్పే జబ్బుల కోవలోది. ఆగని విరేచనాలు, నాలుక పుండు కావడం, రక్తం తగ్గిపోవడం, మనిషి పుల్లలా అయిపోవడం.. ఇవీ లక్షణాలు. తిండి లేక వచ్చే జబ్బు కాదిది. చిన్నపేగు లోపలి పొర దెబ్బతినడంతో పళ్లెంలో ఉన్నది కడుపులోకి వెళ్తుంది కానీ రక్తంలోకి చేరదు. సుబ్బారావుకు కూడా అదే జబ్బు సోకిందని, లక్ష్మీపతి గారి వైద్యంతో కోలుకున్నారని చెబుతారు.

ఇక్కడే ఒక్క నిమిషం ఆగి బేరియాట్రిక్ సర్జరీ సంగతి చూడాలి. స్ప్రూలో జబ్బు చేసే పనిలో కొంత ఈ సర్జరీలో డాక్టర్లు కావాలనే చేస్తారు. స్లీవ్ ఆపరేషన్‌లో పొట్టలో దాదాపు 80 శాతం కోసి తీసేస్తారు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో పొట్టను చిన్న సంచిలా చేసి, చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పించి కిందికి కలుపుతారు. తినేది తగ్గుతుంది, బైపాస్‌లో అయితే తిన్నదాంట్లో కొంత ఒంటికి పట్టకుండా కూడా పోతుంది. బరువు తగ్గుతుంది, షుగర్ అదుపులోకి వస్తుంది, ప్రాణానికే లాభం. అయితే పేగుకు ఏది కొవ్వో ఏది విటమినో ఎంచి ఆపడం తెలియదు కదా. ఐరన్, ఫోలిక్ ఆసిడ్ లాంటివి ఎక్కువగా ఒంటికి పట్టేది తప్పించేసిన ఆ మొదటి భాగంలోనే.

బోస్టన్‌లో బెడ్‌పాన్లు

1922 అక్టోబర్‌లో సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సు చేయాలని వెళ్లారు. మామగారి సాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ ఇస్తామన్న డబ్బు.. ఇదీ దారి ఖర్చు. కొన్నేళ్లలో తిరిగొస్తానని భార్యకు చెప్పి వెళ్లారు. అప్పటికి ఆమె గర్భవతి. ఆయన అక్కడ ఉండగానే పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం కూడా చూడలేదు.

ఇక్కడి డిగ్రీతో అమెరికాలో డాక్టర్‌గా పనిచేసే వీల్లేదు. రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు శుభ్రం చేసే పనికి కుదిరారు. పగలు చదువు. ఆ తర్వాత సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ దగ్గర బయోకెమిస్ట్రీలో చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో రంగుతో కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. మన ఒంట్లో ప్రతి కణం ఖర్చుపెట్టే శక్తి ఏటీపీ రూపంలోనే ఉంటుంది. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సమయంలో విడిగా దాన్ని కనిపెట్టారు. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది, ఆపై పదేళ్లు అలాగే నెట్టుకొచ్చారు.

ఏటీపీ గొడవ పక్కన పెడితే, ఆ పదేళ్లూ ఆయన బల్ల మీద నుంచి కదలనిది ఒకటుంది. కాలేయం రసం. 1926లో బోస్టన్‌లోనే మైనట్, మర్ఫీ అనే డాక్టర్లు ఓ వింత చూపించారు. పెర్నిషియస్ అనీమియా అనే ప్రాణాంతక రక్తహీనత వచ్చినవాళ్లకు రోజూ బోలెడంత కాలేయం తినిపిస్తే లేచి తిరుగుతున్నారు. వాళ్లకు 1934లో నోబెల్ కూడా వచ్చింది. కానీ కాలేయంలో పనిచేసే ఆ పదార్థమేంటో ఎవరికీ తెలియదు. సుబ్బారావు దాని వెంటపడ్డారు. స్ప్రూలోనూ రక్తం తగ్గుతుంది, ఇందులోనూ రక్తం తగ్గుతుంది. అన్నదమ్ములను కాపాడగలిగేదేదో ఆ రసంలోనే ఉండాలన్నది ఆయన పట్టు.

పాలకూర నుంచి పేరు.. కాలేయం నుంచి మందు

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో చేరారు. తర్వాత అక్కడి పరిశోధన విభాగం మొత్తానికి డైరెక్టర్ అయ్యారు. హార్వర్డ్‌లో లేని డబ్బు, మనుషులు, పెద్ద పెద్ద పాత్రలు అక్కడ ఉన్నాయి.

అప్పటికే దారిలో కొందరు కొన్ని గుర్తులు వదిలారు. అందులో ఒకటి మన దేశానిదే. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు విపరీతంగా రక్తం తగ్గిపోతుంటే, లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టర్ 1930 ప్రాంతంలో వాళ్లకు ఈస్ట్ రసం ఇచ్చి చూశారు. అది బాగా పనిచేసింది. 1941లో టెక్సాస్‌లో మిచెల్, స్నెల్, విలియమ్స్ నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని రవ్వంత తీశారు. లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు, అందుకే ఫోలిక్ ఆసిడ్ అని పేరు పెట్టారు.

అది రవ్వంత దొరికితే రోగులకు సరిపోదు. దాని నిర్మాణం తెలియాలి, ఫ్యాక్టరీలో తయారు కావాలి. లెడర్లీలో స్టాక్‌స్టాడ్ కాలేయం నుంచి దాన్ని శుద్ధంగా వేరుచేశారు. ఏ బొట్టులో అది ఉందో ఏ బొట్టులో లేదో చెప్పడానికి వాళ్లకున్న పరీక్ష ఒక బాక్టీరియా. అది మనకు పెరుగు తోడుకునేలా చేసే లాక్టోబాసిల్లస్ జాతిదే. ఆ పదార్థం ఉంటే పెరుగుతుంది, లేకపోతే పెరగదు. ఆంజియర్, వాలర్ లాంటి కెమిస్టులు అణువును విప్పి మళ్లీ కట్టారు. 1945లో కృత్రిమ ఫోలిక్ ఆసిడ్ తయారైంది. మరుసటి ఏడాది దాని నిర్మాణాన్ని ప్రకటించారు. ఆ పత్రం మీద పదహారు పేర్లున్నాయి. తన పేరు ముందుకు తోసుకునే అలవాటు సుబ్బారావుకు లేదు, మన దగ్గర కూడా చాలామందికి ఆయన పేరు తెలియకపోవడానికి అదీ ఒక కారణం.

టామ్ స్పైస్ అనే అమెరికన్ డాక్టర్ క్యూబాలో స్ప్రూ రోగులకు ఈ కొత్త మందు ఇచ్చారు. రక్తం పెరిగింది, నాలుక పుండ్లు మానాయి, ఆకలి వేసింది, మనుషులు లేచి కూర్చున్నారు. భీమవరం అన్నదమ్ములకు ఇరవై ఏళ్లు దాటాక అందిన మందు అది.

ఇక్కడే అసలు మెలిక

సుబ్బారావు వెతికింది మాత్రం పెర్నిషియస్ అనీమియా మందు కూడా. ఫోలిక్ ఆసిడ్ అదేనేమో అని ఆ రోగులకూ ఇచ్చారు. రక్తం పెరిగింది. అందరూ సంతోషించారు. కొన్ని నెలలకు ఆ రోగుల్లో కొందరికి కాళ్లు తిమ్మిర్లెక్కాయి, నడక తూలింది, వెన్నుపాము దెబ్బతినడం మొదలైంది. రక్త పరీక్ష బాగానే ఉంది, నరాలు మాత్రం పాడవుతున్నాయి. 1940ల రెండో సగంలోనే ఈ రిపోర్టులు వచ్చాయి.

కారణం తర్వాత తెలిసింది. వాళ్లకు లేనిది బీ12. రక్తం తయారీలో బీ12, ఫోలిక్ ఆసిడ్ కలిసి పనిచేస్తాయి. బీ12 తక్కువైనప్పుడు ఫోలిక్ ఆసిడ్ ఎక్కువగా ఇస్తే రక్తం పని నడిచిపోతుంది. కానీ నరాలకు కావాల్సింది బీ12 మాత్రమే, ఆ పని ఫోలిక్ ఆసిడ్ చేయలేదు. అంటే ఇల్లు కాలుతుంటే అలారం తీగ తెంపినట్టు. రక్తహీనత అనే హెచ్చరిక మాయమవుతుంది, లోపల నష్టం జరుగుతూనే ఉంటుంది. ఆలస్యమైతే ఆ నష్టంలో కొంత శాశ్వతంగా ఉండిపోవచ్చు.

ఇప్పుడు బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్న వ్యక్తిని ఊహించుకోండి. బీ12 ఆహారం నుంచి విడిపోవాలంటే పొట్టలోని ఆసిడ్ కావాలి. పేగులో అది ఒంటికి పట్టాలంటే పొట్ట గోడలు తయారుచేసే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ కావాలి. పెర్నిషియస్ అనీమియాలో లోపించేది సరిగ్గా ఆ ప్రొటీనే. స్లీవ్‌లో పొట్టలో ఎక్కువ భాగం పోయింది, బైపాస్‌లో తిండి ఆ భాగాన్ని తాకదు. అంటే 1940ల నాటి ఆ రోగుల పరిస్థితికి దగ్గర్లోకి వచ్చినట్టే.

పైగా టైం తేడా ఒకటుంది, అదే చాలామందిని తప్పుదోవ పట్టించేది. ఫోలిక్ ఆసిడ్ నిల్వలు ఒంట్లో కొన్ని నెలలే ఉంటాయి. బీ12 మాత్రం కాలేయంలో ఏళ్లకు సరిపడా ఉండొచ్చు. సర్జరీ తర్వాత మొదటి ఏడాది మాత్రలు మానేసినా ఏమీ కాలేదని ధైర్యం వచ్చేది ఆ నిల్వల వల్లే. రెండో ఏడో మూడో ఏడో అరికాళ్లలో చీమలు పాకినట్టు ఉంటే, అది సర్జరీకి సంబంధించిందని తట్టదు కూడా. శాకాహారులకు నిల్వలే తక్కువగా ఉంటాయి, ఎందుకంటే బీ12 దొరికేది పాలు, పెరుగు, గుడ్లు, మాంసం, చేపల్లోనే. ఆకుకూరల్లో ఉండదు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు ఆసిడ్ తగ్గించే మాత్రలు ఏళ్ల తరబడి వేసుకున్నా బీ12 తగ్గుతుంది.

మరి మోతాదు సంగతేంటి? అమెరికా బేరియాట్రిక్ సర్జన్ల సంఘం సూచనల ప్రకారం సర్జరీ తర్వాత రోజుకు 400 నుంచి 800 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ కావాలి. పిల్లల్ని కనే వయసులో ఉన్న మహిళలకు 800 నుంచి 1000. అంతకు మించి వేసుకోవద్దని కూడా అదే సూచన చెబుతుంది, కారణం పైన చెప్పిన మెలికే. మన మందుల షాపుల్లో మామూలుగా దొరికే ఫోలిక్ ఆసిడ్ మాత్ర 5 మిల్లీగ్రాములది, అంటే 5000 మైక్రోగ్రాములు. నీరసంగా ఉందని షాపులో అడిగి రోజూ ఒకటి వేసుకునేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. కొందరికి డాక్టర్లే అవసరాన్ని బట్టి ఎక్కువ రాస్తారు, అది వేరు. బీ12 అయితే నోటి ద్వారా రోజుకు 350 నుంచి 1000 మైక్రోగ్రాములు, లేదంటే నెలకు 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్. చిన్న మోతాదు మల్టీవిటమిన్‌లో ఉండే బీ12 ఒక్కటీ చాలదు.

రక్త పరీక్షకు వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్ బాగుందని చూసి కాగితం మడిచేయకూడదు. బీ12, ఫోలేట్ రెండూ రాయించుకోవాలి. మొదటి ఏడాదిలో మూడు, ఆరు, పన్నెండు నెలలకు, తర్వాత ఏటా ఒకసారి, జీవితాంతం. ఐరన్, విటమిన్ డి, క్యాల్షియం కూడా ఆ లిస్టులోనే ఉంటాయి. ఇంకొకటి మాత్రం ఏడాది దాకా ఆగదు. బీ1, అదే థయామిన్. దాని నిల్వలు రెండు మూడు వారాలే. సర్జరీ తర్వాత వాంతులు ఆగకపోతే ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, సర్జరీ అయిన సంగతి అక్కడి డాక్టర్‌కు చెప్పాలి. థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు ప్రమాదం. గర్భం విషయంలో కూడా సర్జరీ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగమంటారు. బిడ్డ వెన్నుపాము కడుపులో పడిన మొదటి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది, అప్పటికి ఫోలిక్ ఆసిడ్ తల్లి ఒంట్లో ఉండాలి.

ఆఖరి రెండేళ్లు

ఫోలిక్ ఆసిడ్ తర్వాత సుబ్బారావు ల్యాబ్ నుంచి మందులు వరసగా వచ్చాయి. ఫోలిక్ ఆసిడ్‌కు అడ్డుపడే అమినోప్టెరిన్‌ను అక్కడే తయారుచేశారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా వచ్చిన 16 మంది పిల్లలకు ఇస్తే పదిమందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. కీమోథెరపీ చరిత్రలో అది పెద్ద మలుపు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ వాడుతున్నారు. బోదకాలు రాకుండా మన ఊళ్లలో ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర కూడా ఆ ల్యాబ్‌దే. బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ 1948లో వచ్చింది.

ఆయన మొదటి నుంచీ వెతికిన పెర్నిషియస్ అనీమియా మందు మాత్రం ఆయన చేతికి దొరకలేదు. 1948 ఏప్రిల్‌లో మెర్క్ కంపెనీ సైంటిస్టులు కాలేయం నుంచి ఎర్రటి స్ఫటికాలను వేరుచేసినట్టు ప్రకటించారు. బ్రిటన్‌లో గ్లాక్సో వాళ్లు కూడా కొద్ది రోజుల తేడాతో అదే సాధించారు. దానికి బీ12 అని పేరు పెట్టారు. సుబ్బారావు ఇరవై ఏళ్లకు పైగా మరిగించి, వడకట్టి, ఆరబెట్టిన కాలేయం రసంలోనే అది ఉంది.

అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. నాలుగు నెలలు తిరక్కుండానే, 1948 ఆగస్టు 8న నిద్రలోనే కన్నుమూశారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కావస్తోంది. 1922లో వదిలి వెళ్లిన భార్య శేషగిరిని ఆయన మళ్లీ కలవలేదు. శతజయంతి ఏడాది 1995లో భారత ప్రభుత్వం ఆయన పేరుతో పోస్టల్ స్టాంపు విడుదల చేసింది. ఆయన పోయిన 18 ఏళ్లకు, 1966లో, అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ బరువు తగ్గించడానికి మొదటి గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. ఆ రోగులకు తర్వాత రాసే మాత్రల్లో ఫోలిక్ ఆసిడ్, బీ12 రెండూ చేరాయి.